అన్నీ తెల్లగానే ఉన్నాయి, ఏది ఏమిటి?

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా స్టెబిలైజర్ల గురించే, అంటే కుట్టేటప్పుడు ముడత పడకుండా గుడ్డకి ఆధారంగా వేసే తెల్ల ‘పేపర్ల’ గురించే. ఏది ఏ రకం, ఎక్కడ వాడాలి, ఎలా దాచాలి అని అడిగారు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, బ్లౌజుల కోసం ఇంట్లో చిన్న ఎంబ్రాయిడరీ మెషిన్ పెట్టుకున్నాను. మెషిన్‌తో ఇచ్చినవి, ఆన్‌లైన్‌లో తెప్పించినవి, మా ఆడపడుచు సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కొని పంపినవి కలిసి ఒక అట్టపెట్టె నిండా తెల్ల రోల్స్, ముక్కలు పోగయ్యాయి. కవర్లు ఎప్పుడో పారేశాను. షాపులో అడిగితే అన్నిటినీ ‘పేపర్’ అనే అంటున్నారు. ఏది ఏమిటో తేల్చుకునేదెలా?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: అమ్మా, అందులో ఏదీ పారేయకండి. ఒక మధ్యాహ్నం కూర్చుంటే అన్నీ తేలిపోతాయి. వేరువేరు షాపుల వాళ్లు ఒకే సరుకుని వేరువేరు పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి కవరు ఉన్నా పూర్తిగా నమ్మలేం. చింపితే ఏమవుతుంది, తడిపితే ఏమవుతుంది, వేడి తగిలితే ఏమవుతుంది అన్నదే అసలు గుర్తు.

పరీక్షలకి ముందు దాని పనేమిటో చెప్పుకుందాం. మెషిన్ వేసే ప్రతి కుట్టూ గుడ్డని కొద్దిగా లోపలికి లాగుతుంది. వీపు మీద నెమలి డిజైన్ అంటే వేలకొద్దీ కుట్లు, అన్ని లాగుళ్లు. మగ్గం వర్క్‌లో గుడ్డ నాలుగువైపులా ఫ్రేముకి బిగించి ఉంటుంది, ఎక్కడ ముడత పడుతున్నా పనివాళ్ల చెయ్యి కనిపెట్టి సర్దుకుంటుంది. మెషిన్‌కి అలా కనిపెట్టడం తెలీదు. ఆ లాగుడు గుడ్డ మీద పడకుండా కాసుకునేది స్టెబిలైజర్. కుట్టు అయ్యాక అది ఎలా పోతుందో దాన్ని బట్టి నాలుగు రకాలు: కత్తిరించే కట్ అవే, చింపేసే టియర్ అవే, నీళ్లలో కరిగే వాష్ అవే, ఇస్త్రీ వేడికి పోయే హీట్ అవే. జిగురు ఉండటం, లేకపోవడం అన్నది ఈ నాలుగింటికీ అదనపు సంగతి.

ఇప్పుడు ప్రతి రోల్‌కీ ఒక నంబరు చీటీ కట్టి, దాన్నుంచి అగ్గిపెట్టె అంత ముక్కలు నాలుగు కత్తిరించుకోండి. వాటిమీద పెన్సిల్‌తో ఆ నంబరే వేయండి.

ముట్టుకుని చూసి పాలిథిన్‌లా ఉన్నవి ఒక పక్క, గుడ్డలా కాగితంలా ఉన్నవి ఇంకో పక్క పెట్టండి. పాలిథిన్‌లా ఉన్నదాని మూల తడివేలితో నొక్కి పట్టుకోండి. వేలికి అతుక్కుని, జారుడుగా అయ్యి, చివరికి చిల్లు పడిందంటే అది వాష్ అవే ఫిల్మ్. పాలీవినైల్ ఆల్కహాల్ అనే పదార్థంతో చేస్తారు. ఏమీ కాకపోతే తొందరపడకండి, కొన్ని రకాలు వేన్నీళ్లకి మాత్రమే కరుగుతాయి, అందులో కూడా వేసి చూడండి. దానికీ లొంగకపోతే రెండు పాత నూలుగుడ్డల మధ్య పెట్టి ఇస్త్రీ పెట్టె ఆనించండి. ముడుచుకుపోయి చిన్న చిన్న ఉండలుగా రాలితే అది హీట్ అవే. నేరుగా ఇస్త్రీ పెట్టె ఆనిస్తే మాత్రం పెట్టె అడుగున అంటుకుని కూర్చుంటుంది, జాగ్రత్త.

గుడ్డలా ఉన్నవాటికి కూడా ముందు నీళ్ల పరీక్షే చేయండి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. వాష్ అవేలో గుడ్డలాంటి రకం ఉంది, కంటికీ చేతికీ అచ్చం పల్చటి కట్ అవే లాగే ఉంటుంది. పొరపాటున దాన్ని పిల్లల టీషర్టు కింద వేస్తే కుట్టేటప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది, మొదటి ఉతుకుకే కింది ఆధారం పోయి డిజైన్ ముడుచుకుపోతుంది. గిన్నెలో నీళ్లు పోసి ముక్క వేయండి. జిగటగా అయ్యి కళ్లముందే మాయమైతే వాష్ అవే. కొన్ని టియర్ అవేలు కూడా నీళ్లలో మెత్తబడి విడిపోతాయి, వాటిని చూసి మోసపోకూడదు. ఆ నీళ్లు వేళ్ల మధ్య రుద్ది చూడండి. పీచు తగిలితే అది కరగలేదు, నానిందంతే.

నీళ్లలో నిలిచినవాటిని చింపి చూడండి. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. కాగితంలా చప్పుడు చేస్తూ తేలిగ్గా చిరిగితే టియర్ అవే. అందులోనూ కొన్ని ఒకవైపు గీత గీసినట్టు చిరిగి, రెండోవైపు వంకర్లు పోతాయి. అలాంటి రోల్ మీద తేలిగ్గా చిరిగే వైపుకి బాణం గుర్తు వేసుకోండి, పని పూర్తయ్యాక చింపేటప్పుడు చాలా ఉపయోగం. ఎంత లాగినా చిరగకుండా, లాగినచోట నూగు లేచి మొండికేస్తే కట్ అవే.

కట్ అవేల్లో ఒకదాన్ని వేరుగా గుర్తుపట్టాలి. కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే మీ చెయ్యి అవతల నుంచి కనిపిస్తుంది, ఒంటినిండా సన్నటి డైమండ్ గళ్ల అచ్చు ఉంటుంది, ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది. అది మెష్, కొందరు నో షో మెష్ అంటారు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. లేతరంగు జార్జెట్, పల్చటి నూలు బ్లౌజుల్లో పైకి కనపడదు, ఒంటికి గుచ్చుకోదు, పల్చగా ఉన్నా గట్టిగా నిలబడుతుంది.

ఇక జిగురు. ముక్కని లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే ఒకవైపు సన్నటి మెరుపు చుక్కలు కనిపిస్తాయి, వేలితో రాస్తే గరుగ్గా తగులుతాయి. ఇస్త్రీకి నూలుగుడ్డని పట్టుకుంటే అది ఫ్యూజింగ్ రకం. కాగితం మందంగా, రెండు పొరల్లా అనిపిస్తే మూలలో సూదిమొనతో గీకండి. పై పొర ఊడి వచ్చి కింద బంక తగిలితే అది స్టిక్కీ రకం.

కాలర్లకీ నడుం పట్టీలకీ టైలర్లు వేసే కాన్వాస్, బక్రం మీ పెట్టెలో కలిసి ఉంటే తీసి పక్కన పెట్టండి. నేసిన దారాలు కనిపిస్తే బక్రమే. అది బట్టకి బిగుసు ఇచ్చేది, ఎంబ్రాయిడరీకి చేసింది కాదు. నిప్పంటించి వాసన చూసే పరీక్ష కూడా కొందరు చెబుతారు. దానివల్ల పాలిస్టరా, నూలుజాతా అని తెలుస్తుందేమో కానీ చింపేదో కత్తిరించేదో తెలియదు. దాని జోలికి పోకండి.

ప్రశ్న: అక్కా, షాపులో 40, 60, 80 అని అంకెలు చెబుతారు. వీడియోల్లో చూస్తే ఒకటిన్నర ఔన్సు, రెండున్నర ఔన్సు అంటారు. నా దగ్గరున్న రోల్స్ మీద ఏ అంకే లేదు. బరువు ఎలా కనిపెట్టాలి?
– ఒక ఎంబ్రాయిడరీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: మన దగ్గర చెప్పే అంకె జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. అమెరికా వాళ్లు చదరపు గజానికి ఎన్ని ఔన్సులని చెబుతారు. వాళ్ల ఒక ఔన్సు మన 34 జీఎస్‌ఎం. అంటే ఒకటిన్నర ఔన్సు దాదాపు 50, రెండున్నర ఔన్సులు 85, మూడు ఔన్సులు 100 దాటుతుంది. ఈ లెక్క ఒక అట్టముక్క మీద రాసి మెషిన్ దగ్గర అతికించుకోండి.

అంకె లేని రోల్ సంగతి తేల్చడం ఇంకా తేలిక. స్కేలు పెట్టి 10 సెంటీమీటర్లు పొడవు, 10 సెంటీమీటర్లు వెడల్పు ఉన్న ముక్క కత్తిరించండి. మీకు తెలిసిన బంగారం షాపుకి తీసుకెళ్లి వాళ్ల కాటాలో వేయించండి. వచ్చిన గ్రాముల్ని వందతో హెచ్చవేస్తే అదే జీఎస్‌ఎం. 0.62 గ్రాములు తూగితే 62. వంటింటి కాటా గ్రాముకి తక్కువ చూపించదు కాబట్టి దానిమీద అయితే అలాంటి ముక్కలు పది కలిపి పెట్టి, వచ్చిన గ్రాముల్ని పదితో హెచ్చవేయండి.

నేను రాసిల్క్ మీద నిండు కుట్టు ఉన్న వీపు డిజైన్‌కి 80కి అటూ ఇటూ ఉన్నది, చేతుల మీద చిన్న బుటాలకి 40 నుంచి 50 మధ్యది వాడతాను. అయితే మందం ఒకటే బలం అనుకోకండి. సాగే గుడ్డ కింద 50 జీఎస్‌ఎం మెష్ ఆపినట్టు, దానికంటే మందంగా ఉన్న టియర్ అవే ఆపలేదు. టియర్ అవేని సూది వరసగా పొడిచిపొడిచి చిల్లులు చేస్తుంది, కుట్లు దగ్గరగా ఉన్నచోట సగం పనిలోనే అది ఊడిపోతుంది. నిండు డిజైన్ అయితే కట్ అవేకే వెళ్లండి.

ప్రశ్న: పట్టు బ్లౌజు మీద వాష్ అవే వాడొచ్చా? వెనకవైపు నీట్‌గా ఉంటుందని ఆశ.
– ఒక పాఠకురాలు, ధర్మవరం

జవాబు: పట్టుచీరలు నేసే ఊరివారు మీరు, పట్టుకి నీళ్లు తగిలితే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. వద్దండి. నీటి మరక పడుతుంది, అంచు రంగు ఒంట్లోకి దిగుతుంది, సరిగ్గా కడగకపోతే కరిగిన జిగట దారాల మధ్య ఎండి గట్టిపడుతుంది. కస్టమరు ఏడెనిమిది వేల చీరలోని బ్లౌజు ముక్క నమ్మి మన చేతిలో పెడితే దాన్ని నీళ్లలో ముంచే పని పెట్టుకోకూడదు.

పట్టుకి తేలికపాటి డిజైన్ అయితే మెత్తటి టియర్ అవే, నిండు డిజైన్ అయితే మెష్. టియర్ అవే తీయడంలోనే అసలు పనితనం ఉంది. బ్లౌజుని బోర్లా పరిచి, డిజైన్ అంచు కుట్ల మీద ఎడమ బొటనవేలు ఆనించి నొక్కి పట్టుకోండి. కుడిచేత్తో పేపర్‌ని పైకెత్తకుండా పక్కకి, వేలి వెంబడే కొద్దికొద్దిగా చింపుకుంటూ రండి. వేలు జరుపుతూ మళ్లీ చింపండి. గబుక్కున పైకి లాగితే జరీ కుట్లు వదులై పైన ఉచ్చుల్లా లేస్తాయి. రెండు పొరలు వేసి ఉంటే ఒక్కో పొరే తీయాలి. లతల సందుల్లో మిగిలే చిన్న ముక్కల కోసం సూదితో పీకకండి, లైనింగ్ వేశాక అవి ఎవరికీ తగలవు.

హీట్ అవే గురించి కూడా మీరు ఆలోచిస్తుండొచ్చు. మెషిన్‌లో వాడే జరీదారం చాలామటుకు మెరుపు పాలిస్టర్ రేకుతో చేసింది. ఎక్కువ వేడి తగిలితే ముడుచుకుని మెరుపు పోతుంది. విడి ముక్క మీద అదే దారంతో కుట్టి, అదే వేడి పెట్టి చూశాకే అసలు బ్లౌజు జోలికి వెళ్లండి.

ప్రశ్న: రెండు గదుల ఇల్లు మాది. స్టెబిలైజర్లన్నీ మంచం కింద ఉంటాయి. వానాకాలంలో వాష్ అవే ఫిల్మ్ మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోతోంది. కిందటి ఎండాకాలం కొన్న ఇంకో రోల్ ముట్టుకుంటే అప్పడంలా విరిగిపోతోంది. ఎలా సర్దుకోవాలి?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: మీరు చెప్పిన రెండూ ఒకే ఫిల్మ్ గుణాలు. గాల్లో తడి ఉంటే పీల్చుకుని మెత్తబడుతుంది, తడి ఆరిపోతే పెళుసెక్కుతుంది. విశాఖ సముద్రపు గాలికి బయట పెడితే నిలవదు. పట్టుచీరలు పెట్టి ఇచ్చే జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లు మీ ఇంట్లో ఉండే ఉంటాయి. ఫిల్మ్‌ని అందులో పెట్టి, చెప్పులు, హ్యాండ్‌బ్యాగుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు ఒకటి రెండు వేసి, గాలి నొక్కేసి మూయండి. గుడ్డలాంటి వాష్ అవేకీ ఇదే పద్ధతి. వాడేటప్పుడు కావలసినంత కత్తిరించుకుని వెంటనే కవరు మూసేయాలి, తడి చేతులతో ముట్టుకోకూడదు. పెళుసెక్కిన రోల్‌ని పారేయకండి. తడిపి గట్టిగా పిండిన గుడ్డని ఒక చిన్న డబ్బాలో వేసి మూత కొద్దిగా తెరిచి ఉంచి, ఫిల్మ్‌కి తగలకుండా అదే కవర్లో కాసేపు ఉంచండి. మళ్లీ వంగుతుంది. మధ్యమధ్యలో చూస్తూ ఉండండి, ఎక్కువసేపు వదిలితే అతుక్కుంటుంది.

మిగతావాటికి చోటు కంటే గుర్తు ముఖ్యం. మా షాపులో ప్రతి రోల్‌కీ బ్లౌజుగుడ్డల అంచుల్లోంచి చింపిన పట్టీ కట్టి ఉంటుంది. ఎర్ర పట్టీ కత్తిరించేది, పసుపు చింపేది, నీలం నీళ్లలో పోయేది, ఆకుపచ్చ మెష్. జిగురు ఉన్నదైతే పట్టీకి రెండు ముళ్లు. చదవడం రాని పనిమనిషి కూడా అడగ్గానే సరైన రోల్ అందిస్తుంది. చీటీ అతికిస్తే రోల్ తిరిగేకొద్దీ ఊడిపోతుంది, పట్టీ మాత్రం రోల్ అయిపోయేదాకా ఉంటుంది. అన్నట్టు, స్టెబిలైజర్ మీద నేరుగా మార్కర్‌తో పేరు రాయకండి. ఆ ముక్క లేతరంగు గుడ్డ కిందికి వెళ్తే సిరా పైకి కనిపిస్తుంది.

దాంతోపాటు అట్టల కట్ట ఒకటి చేసుకోండి. పెళ్లిపత్రికల వెనక్కి తిప్పి కార్డులు కత్తిరిస్తే సరిపోతుంది. ఒక్కో కార్డుకి ఆ రకం ముక్క ఒకటి, దానిమీద రాసిల్క్ బిట్ పెట్టి కుట్టిన చిన్న బుటా ఒకటి స్టేపుల్ చేయండి. కింద రకం, జీఎస్‌ఎం, ఏ షాపు, ఏ నెలలో కొన్నారు, ధర ఎంత, జిగురు ఏ వైపు, ఉతికితే ఏమైంది అన్నవి రాయండి. మూలలో చిల్లు పెట్టి దారం కట్టి మేకుకి తగిలించండి. కొత్త సరుకు వచ్చినప్పుడు కార్డులోని ముక్క పక్కన పెట్టి తడిమి చూస్తే అదేనా, పల్చటిది అంటగట్టారా అన్నది వెంటనే తెలిసిపోతుంది. ఈ కట్ట తయారు చేయమని నా దగ్గర నేర్చుకునే ప్రతి అమ్మాయికీ మెషిన్ ఆన్ చేయకముందే చెబుతాను.

మంచం కింద పెట్టడంలో తప్పులేదు కానీ రోల్స్‌ని పడుకోబెట్టి, మీద ఏ బరువూ పెట్టకండి. మడత పడితే ఫ్రేములో ఆ గీత దగ్గర వదులు వస్తుంది. గుడ్డ చుట్టి వచ్చే అట్టగొట్టాలు బట్టల కొట్లో అడిగితే ఊరికే ఇస్తారు, విడి ముక్కల్ని వాటికి చుట్టి గొట్టం లోపల కార్డు నంబరు రాయండి. ఫ్యూజింగ్, స్టిక్కీ రకాలు ఎండ పడే గోడ పక్కన వద్దు.

ప్రశ్న: మేడమ్, నాకు బొటిక్ ఉంది. పనిచేసే కుర్రాళ్లు ఎంత చెప్పినా చేతికి ఏది దొరికితే అది వేసేస్తున్నారు. సీజన్‌లో స్టాక్ అయిపోతే న్యూస్‌పేపర్ కూడా వేస్తున్నారు. డెలివరీ రోజున నాకు టెన్షన్. ఏం చేయాలి?
– ఒక బొటిక్ యజమాని, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, హడావుడిలో ఉన్నవాళ్లని ఎంచుకోమంటే చేతికి దగ్గరగా ఉన్నదే ఎంచుకుంటారు. ఆ ఎంపిక వాళ్లమీద పెట్టకండి. ఆర్డర్ తీసుకునేటప్పుడు స్లిప్ మీద కొలతల పక్కనే ఏ స్టెబిలైజర్, ఎన్ని పొరలు అన్నది మీరే రాయండి. సీజన్ మొదలవకముందే ఫ్రేము సైజుకి, నాలుగువైపులా రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ ఉండేలా ముక్కలు కోయించి పెట్టుకోండి. షెల్ఫ్ మీద స్టెబిలైజర్ పేర్లు కాకుండా గుడ్డ పేర్లు రాయండి: ‘రాసిల్క్, పట్టు’, ‘జార్జెట్, షిఫాన్’, ‘నెట్’, ‘టీషర్ట్’. కుర్రాడి చేతిలో ఉన్నది గుడ్డ కాబట్టి అతనికి గుడ్డ పేరే తోస్తుంది.

న్యూస్‌పేపర్ మాత్రం షాపులోంచే తీసేయండి. దాని సిరా లేతరంగు గుడ్డకి అంటుతుంది, కుట్లకింద ఇరుక్కున్నది ఎన్నటికీ రాదు, దాని దుమ్ము బాబిన్ కేస్‌లోకి దిగి దారం తెగడం మొదలవుతుంది. ముడత పడిన ఒక్క బ్లౌజు గుడ్డకి మీరు కట్టే డబ్బుతో ఎంత స్టెబిలైజర్ వస్తుందో లెక్క వేసి వాళ్లకి చూపించండి.

ప్రశ్న: వెల్వెట్‌ని ఫ్రేములో బిగిస్తే మచ్చ పడుతోంది.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: వెల్వెట్‌ని బిగించకండి. స్టిక్కీ స్టెబిలైజర్‌ని ఒక్కదాన్నే ఫ్రేములో కాగితం పైకి వచ్చేలా బిగించి, సూదితో గీకి పై కాగితం తీసి, వెల్వెట్‌ని దానిమీద చేత్తో మెల్లగా అద్దండి. చుట్టూ పొడవు టాకాలు వేయండి. పైన నూగు కుట్ల మధ్యలోంచి లేవకుండా పల్చటి ఫిల్మ్ ఒక పొర పరవాలి. వెల్వెట్‌కి తడి పడదు కాబట్టి పైన వేసేది హీట్ అవే అయితే మేలు. మామూలు దారంతో కుట్టిన డిజైన్ అయితే పల్చటి గుడ్డ అడ్డం వేసి, నూగు నలగకుండా ఇస్త్రీ పెట్టెని తేలిగ్గా ఆనించండి. సూదికి బంక పడితే స్పిరిట్ అద్దిన దూదితో తుడుస్తూ ఉండండి.

ప్రశ్న: వాష్ అవే ముక్కలు చాలా మిగులుతున్నాయి. పారేయాలంటే మనసొప్పడం లేదు.
– ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: పారేయకండమ్మా. ముక్కలన్నీ ఒక సీసాలో వేసి, గోరువెచ్చటి నీళ్లు పోసి కరగనివ్వండి. పల్చటి గంజిలా అవుతుంది. ఉతకడానికి వీలైన నూలు, వాయిల్ గుడ్డ మీద బ్రష్‌తో రాసి, ఆరబెట్టి ఇస్త్రీ చేస్తే బిరుసుగా నిలబడుతుంది. మనవరాలి గౌను అంచు మీద చిన్న పూలు కుట్టడానికి అది చాలు, కుట్టాక ఉతికేస్తే పోతుంది. పట్టు మీద మాత్రం వద్దు. నిలవ ఉంటే పాడవుతుంది కాబట్టి కొంచెం కొంచెమే చేసుకోండి. కరిగేవి మాత్రమే వేయాలి సుమా, ఒక్క మెష్ ముక్క కలిసినా బ్రష్‌కి చుట్టుకుంటుంది.